క్రిప్టో ఎక్స్ఛేంజికి మన దగ్గర అనుమతి ఉందా? ఏళ్లుగా వాడాక నేను నమ్మేవి, నమ్మనివి

క్రిప్టో వ్యాపారానికి బ్యాంకులు సేవలు అందించకూడదని రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. ఆ తర్వాతే నేను ఎక్స్ఛేంజిలో, అంటే బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణేలు కొని అమ్ముకునే యాప్‌లో, ఖాతా తెరిచాను. దేశీ ఎక్స్ఛేంజీలు వాడాను, విదేశీవీ వాడాను. హనుమకొండలో ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం నా వృత్తి కాబట్టి ఇతరుల ఖాతాల గుట్టు కూడా కొంత తెలుస్తుంది. ఏ యాప్‌లో రుసుము తక్కువ, ఎందులో నాణేలు ఎక్కువ అన్న లెక్కలు ఎవరైనా చెబుతారు. ఫలానా ఎక్స్ఛేంజి మన దేశంలో పనిచేస్తుందా, దానికి అనుమతి ఉందా అని తేల్చుకోవడానికి ఇన్నాళ్లుగా నేను వాడిన దారుల్లో ఏది అక్కరకొచ్చిందో, ఏది రాలేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడిపే మిత్రుడు ఏ యాప్ పేరు చెప్పినా, "అన్నా, దాని లైసెన్సు నంబరు ఏది?" అంటాడు. మార్కెట్ కమిటీ లైసెన్సు లేనిదే ఆయన ఒక్క బస్తా కూడా అమ్మించలేడు కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కానీ మన దేశంలో క్రిప్టో ఎక్స్ఛేంజికి అలాంటి లైసెన్సు అంటూ లేదు. రిజర్వు బ్యాంకూ ఇవ్వదు, షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ కూడా ఇవ్వదు. ఉన్నదల్లా అనుమానాస్పద లావాదేవీలపై నిఘా పెట్టే, కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని ఎఫ్ఐయూ ఇండియా దగ్గర నమోదు. 2023 మార్చి 7 నాటి నోటిఫికేషన్‌తో ఈ వ్యాపారాన్ని మనీ లాండరింగ్ (అక్రమ సొమ్మును సక్రమంగా చూపించడం) నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అప్పటి నుంచి ఇక్కడివారికి సేవలు అందించే ఎక్స్ఛేంజి, దాని కార్యాలయం ఏ దేశంలో ఉన్నా సరే, అక్కడ నమోదు కావాలి. కాబట్టి "మాకు రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉంది" అని ఏ యాప్ అయినా చెప్పుకుంటే ఇక పరిశీలించాల్సిన పనే లేదు. తీసేయడమే.

ఇక దారుల సంగతి. అన్నింటికన్నా పనికిరానిది, అందరూ చూసేది ఒకటే: ఖాతా తెరిచేటప్పుడు కనిపించే దేశాల జాబితా. అందులో మన దేశం పేరు ఉందంటే అర్థం ఆ కంపెనీకి మన సొమ్ము కావాలని, అంతే. 2023 డిసెంబరు 28న ఎఫ్ఐయూ తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులు ఇచ్చింది. బైనాన్స్, కుకాయిన్, క్రాకెన్, బిట్‌ఫైనెక్స్ వాటిలో ఉన్నాయి. 2024 జనవరిలో వాటి యాప్‌లు స్టోర్ల నుంచి మాయమయ్యాయి, వెబ్‌సైట్లను అడ్డుకున్నారు. అప్పట్లో నా దగ్గర ఒక విదేశీ ఎక్స్ఛేంజి ఖాతా ఉండేది, దాని పేరు ఇక్కడ అనవసరం. దేశాల జాబితాలో మనం ఎప్పటిలాగే వెలిగిపోతున్నాం, యాప్ మాత్రం తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. సహాయ కేంద్రానికి రాస్తే "మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి" అని జవాబు. నిల్వ కొద్దిపాటిదే. అది బయటికి వచ్చేసరికి నా ఓపిక అంతకన్నా ఎక్కువే ఖర్చయింది.

జాబితాలో ఉండటం వేరు, రూపాయలు వేయగలగడం వేరు అనడానికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఎక్స్ఛేంజి కాయిన్‌బేస్ మన దేశంలో యూపీఐతో సేవలు మొదలుపెట్టినట్టు ప్రకటించింది. ఏ క్రిప్టో ఎక్స్ఛేంజీ యూపీఐ వాడుతున్నట్టు తమకు తెలియదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వెంటనే ప్రకటన ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ దారి మూతపడింది. చివరకు ఆ సంస్థ ఎఫ్ఐయూ దగ్గర నమోదైంది 2025లో.

దేశాల జాబితా కన్నా నిబంధనల పేజీ నయం. యాప్ ముఖచిత్రం రాసేది ప్రచార విభాగం, నిబంధనలు రాసేది వకీళ్లు. అందులో సేవలు అందించని దేశాల పేరా ఒకటి ఉంటుంది, అది తప్పకుండా చదవాలి. మన ఒప్పందం ఏ కంపెనీతో కుదురుతోందన్న వాక్యం అంతకన్నా ముఖ్యం. పేరు పెద్దదే అయినా ఒప్పందం ఎక్కడో సీషెల్స్ దీవుల్లోని ఏదో కంపెనీతో అయితే, గొడవ వచ్చిన రోజు ఎవరిని పట్టుకోవాలో మీరే ఊహించుకోండి. దేశీ ఎక్స్ఛేంజి అయితే కంపెనీ గుర్తింపు సంఖ్య, రిజిస్టర్డ్ చిరునామా అక్కడే ఉండాలి. ఆ సంఖ్యను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ బతికి ఉందో లేదో తెలుస్తుంది.

మూడోది ఎఫ్ఐయూ నమోదు. ఇది తప్పక చూడాల్సిందే. నమోదు చేసుకున్న సంస్థలు 28 అని 2023 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పారు, ఆ సంఖ్య తర్వాత పెరిగింది. కుకాయిన్ 34.5 లక్షల రూపాయల జరిమానా కట్టి లోపలికి వచ్చింది. బైనాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్లు, బైబిట్‌కు 2025 జనవరిలో 9.27 కోట్లు పడింది, ఆ రెండూ నమోదయ్యాయి. ఓకేఎక్స్ అయితే 2024 ఏప్రిల్ 30లోగా సొమ్ము తీసేసుకోమని ఖాతాదారులకు చెప్పి తప్పుకుంది. 2025 అక్టోబరులో మరో 25 విదేశీ సంస్థలకు నోటీసులు వెళ్లాయి. అంటే ఇది ఒకసారి చూసి మరిచిపోయే విషయం కాదు. నేను సొమ్ము వేసే ప్రతిసారీ కాకపోయినా, కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లో తప్పకుండా మళ్లీ చూస్తాను.

అయితే ఎఫ్ఐయూ నమోదును భద్రతకు హామీగా చూపించే ప్రకటనలంటే నాకు చిరాకు. ఆ నమోదు నల్లధనం కదలికలు ప్రభుత్వానికి తెలియడం కోసం, మన సొమ్ము కాపాడటం కోసం కాదు. దేశీ ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ నమోదైన సంస్థే. 2024 జూలై 18న అది నాణేలు దాచే డిజిటల్ వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు దొంగల పాలయ్యాయి. ఖాతాదారుల నిల్వలు సింగపూర్ హైకోర్టు ప్రక్రియలో ఏడాదికి పైగా చిక్కుకున్నాయి. అసలు క్రిప్టో ఉత్పత్తులు నియంత్రణలో లేవని, నష్టపోతే చట్టపరంగా దిక్కు ఉండకపోవచ్చని 2022 ఏప్రిల్ నుంచి ప్రతి ప్రకటనలోనూ చెప్పాలి. చెబుతూనే ఉన్నారు, చీమల అంత అక్షరాల్లో.

నాకు నిజంగా అక్కరకొచ్చింది మాత్రం ఎవరూ క్రిప్టోతో ముడిపెట్టి చూడని కాగితం. అదే ఫారం 26ఏఎస్, మన పేరిట ఎవరెవరు ఎంత పన్ను కోసి కట్టారో ఆదాయపు పన్ను శాఖ చూపే పట్టిక. 2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకంపై ఒక శాతం టీడీఎస్, అంటే సొమ్ము చేతికిచ్చే ముందే పట్టుకునే పన్ను, కోయాలి. అప్పటి చట్టంలో అది 194ఎస్ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబర్లు వేరు, పద్ధతి అదే. కొత్త ఎక్స్ఛేంజిలో నేను చేసే మొదటి పని ఇది: కొద్దిగా కొని, వెంటనే అమ్మి, రూపాయలను బ్యాంకు ఖాతాకు తెచ్చుకుంటాను. ఉదాహరణకు 20,000 రూపాయలకు అమ్మితే 200 కోత పడాలి. యాప్‌లోని రసీదులో ఆ 200 కనిపించడం సరిపోదు. త్రైమాసికం ముగిసి, కంపెనీ టీడీఎస్ వివరాలు దాఖలు చేశాక 26ఏఎస్ తెరవాలి. అందులో కోసినవారి పేరు, వారి టాన్ నంబరు (పన్ను కోసేవారికి ఆ శాఖ ఇచ్చే సంఖ్య), సెక్షన్, తేదీ, మొత్తం, జమ అయిన పన్ను ఒకే వరుసలో ఉంటాయి. ఆ పేరూ, నిబంధనల పేజీలోని కంపెనీ పేరూ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చుకోవాలి.

ఒక ఎక్స్ఛేంజి రసీదులో పన్ను కోసినట్టు చూపించి, గడువు దాటినా 26ఏఎస్‌లో వేయలేదు. మూడు ఈమెయిళ్ల తర్వాత గాని ఆ వరుస రాలేదు. ఆ ఖాతా మూసేశాను. ప్రభుత్వానికి కట్టాల్సిన 200 విషయంలో బద్ధకించేవాడు నాకు కట్టాల్సిన 20,000 విషయంలో చురుగ్గా ఉంటాడని నమ్మడం నా వల్ల కాదు. విదేశీ ఎక్స్ఛేంజి టీడీఎస్ కోయకపోతే ఆ బాధ్యత చాలాసార్లు కొన్నవాడి మీదే పడుతుందన్న సంగతి కూడా రిటర్ను వేసే వేళకు గాని మనవాళ్లకు తెలియదు. లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు, ఒక నాణెంలో నష్టాన్ని మరో దాని లాభంలో సర్దుకోనివ్వకపోవడం ఎలాగూ ఉన్నాయి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఇంకో రకం. కువైట్‌లో ఉన్న మా బావమరిది, "బావా, ఇక్కడ యాప్ చక్కగా తెరుచుకుంటోంది, ఖాతా తీసుకోనా?" అని అడిగాడు. వద్దన్నాను. క్రిప్టోను చెల్లింపులకూ పెట్టుబడికీ వాడటాన్ని, మైనింగ్‌నూ కువైట్ 2023 జూలైలో పూర్తిగా నిషేధించింది. యాప్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు, పోలీసులకు తెలుసు. పరాయి దేశంలో వీసా మీద బతికేవాడు ఆ తేడా మరిచిపోకూడదు.

దుబాయ్‌లోని మేనల్లుడి పరిస్థితి వేరు. అక్కడ 2022లో ఏర్పడిన వారా అనే నియంత్రణ సంస్థ అసలైన లైసెన్సులే ఇస్తుంది. ఎవరికి ఏ సేవకు అనుమతి ఉందో దాని వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో చూడవచ్చు. ఇలాంటి రిజిస్టరు మనకూ ఉంటే నేను ఇంత రాయాల్సి వచ్చేది కాదు. వాడు బతుకమ్మ సెలవులకు వచ్చినప్పుడు అక్కడి ఖాతాలో కొన్ని సేవలు ఇక్కడ పనిచేయలేదు. "మామయ్యా, వీపీఎన్ పెడితే వచ్చేస్తుంది" అన్నాడు. వస్తుంది, మనం ఉన్న చోటును దాచేదే వీపీఎన్ కాబట్టి. రేపు ఎక్స్ఛేంజి ఖాతా స్తంభింపజేసి, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యావని అడిగితే ఏ జవాబు చెప్పినా ఇరుక్కుంటాడు. తిరిగి వెళ్లేదాకా ఆగమన్నాను.

మన దగ్గర ఈ పరిశీలన ఎక్కువగా అవసరమయ్యేది పెద్ద ఎక్స్ఛేంజీల దగ్గర కాదు, కొత్త నాణేల్లో సొమ్ము పెట్టమని ఫంక్షన్ హాళ్లలో జరిపే కాయిన్ సమావేశాల దగ్గర. హనుమకొండలో అలాంటి ఒక సమావేశానికి నా అడ్తి మిత్రుడు నన్ను తోడు తీసుకెళ్లాడు. వేదిక మీద తెరపై లండన్‌లో కంపెనీ రిజిస్టరైన ధ్రువపత్రం వేసి, అంతర్జాతీయ లైసెన్సు ఇదేనన్నారు. కొద్దిపాటి రుసుము కడితే ఎవరైనా ఆన్‌లైన్‌లో తెచ్చుకోగల కాగితం అది. ఎక్స్ఛేంజి నడపడానికి అనుమతి దాంతో రాదు. మిత్రుడు లేచి, లైసెన్సు గొడవ వదిలేసి, "మీరు పన్ను ఏ టాన్ నంబరు మీద కడుతున్నారు?" అని అడిగాడు. మైకు పట్టుకున్నాయన మంచి ప్రశ్న అని మెచ్చుకుని, భోజనాల తర్వాత విడిగా మాట్లాడదామన్నాడు. భోజనాలు అయ్యాయి, ఆయన మాత్రం కనిపించలేదు.