మోయాబ్ ఎర్రబండల్లో తొలిసారి జీపు: ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవాలి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న మోయాబ్‌కు జీపు నడపాలని తొలిసారి వెళ్లేవారు హోటల్ గది మీద కాకుండా బండి మీద, గైడు మీద డబ్బు పెట్టాలి. అక్కడి నుంచి తిరిగి వచ్చేసరికి నాలో గట్టిపడిన అభిప్రాయం ఇది. డెన్వర్ నుంచి వెళ్లాం: నేను, మా వారు, మా మరిది, గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న అత్తయ్య గారు. 70వ నంబరు జాతీయ రహదారి మీద కొండలు దాటుకుంటూ దాదాపు 350 మైళ్లు. తారురోడ్డు దిగి బండి నడిపిన అనుభవం మాలో ఎవరికీ లేదు.

ముందు తేల్చుకోవాల్సింది బండి సంగతి. విమానాశ్రయాల్లో కార్లు అద్దెకిచ్చే సంస్థల ఒప్పందాలు సాధారణంగా ఇలాంటి దారులను ఒప్పుకోవు. అక్కడ ఏమైనా జరిగితే భారమంతా మనదే. మోయాబ్ దగ్గరున్న కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కు లోపలి మారుమూల దారుల నుంచి బండిని లాగించుకోవాలంటే ఖర్చు వెయ్యి డాలర్లు దాటిపోతుంది. కాబట్టి మోయాబ్ ఊళ్లోనే జీపులు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లడం మంచిది. మేము నాలుగు తలుపుల ర్యాంగ్లర్ రూబికాన్ అనే జీపు తీసుకున్నాం. రోజుకు 250 డాలర్ల పైమాటే, డిపాజిట్ అదనం.

ఎక్కువే అనిపించింది కానీ, కౌంటరు దగ్గరున్న ఆవిడ పటం పరిచి మాకోసం అరగంట కేటాయించింది. ఏ దారులకు అనుమతి ఉంది, వేటికి లేదు, టైరు చినిగితే ఎవరు కట్టాలి, అద్దం పగిలితే ఎవరు కట్టాలి, అన్నీ అడక్కుండానే చెప్పింది. తర్వాత బయటికి వచ్చి మా ఎదుటే టైర్లలో గాలి తీసింది. వాల్వు నొక్కగానే బుస్సుమని గాలి పోతుంటే గేజీ పెట్టి చూస్తూ 25 దగ్గర ఆపింది. టైరు పక్కలు కాస్త ఉబ్బి, కింది భాగం నేల మీద వెడల్పుగా పరుచుకుంది. గాలి తగ్గిన టైరు రాయి ఆకారానికి తగ్గట్టు ఒదిగి పట్టు ఇస్తుందట. మరుసటి రోజు మెట్లలాంటి రాళ్లు ఎక్కుతున్నప్పుడు ఆ మాట ఎంత నిజమో చేతులకు తెలిసింది.

బండి తీసుకోకముందే, ఊరు చేరిన సాయంత్రం, గైడు నడిపే బండిలో హెల్స్ రివెంజ్ అనే దారికి వెళ్లాం. మనిషికి వంద డాలర్లు దాటింది. ఊరిని ఆనుకునే ఉన్న శాండ్ ఫ్లాట్స్ ప్రాంతంలో, నవాహో ఇసుకరాతి బండల మీదుగా సాగే దారి అది. మొదట్లోనే రెండు పక్కలా కిందికి జారిపోయే సన్నని బండ వీపు మీదికి బండి ఎక్కుతుంది. ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. పొడిగా ఉన్నంతసేపు ఈ రాయి రబ్బరును వదలదని, దిగేటప్పుడు బ్రేకు కంటే గేరును నమ్ముకోవాలని గైడు చెబుతూ నడిపాడు. దూరంగా లా సాల్ కొండల మీద మంచు సాయంకాలపు ఎండకు గులాబీ రంగు తిరిగింది. అయినా నా కళ్లు అతని పాదాల మీదే ఉన్నాయి. ఎప్పుడు బ్రేకు వదులుతున్నాడు, ఎంత తక్కువగా యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు అని చూస్తూ కూర్చున్నాను. నా వరకు ఆ వంద డాలర్లు పాఠానికి కట్టిన రుసుము. కొత్తవారు ఈ దారిలో పక్క సీట్లో కూర్చోవాలి తప్ప స్టీరింగు పట్టకూడదని నా సలహా. నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవారు అసలు ఎక్కవద్దు. అత్తయ్య గారిని అందుకే గదిలో విశ్రాంతి తీసుకోమన్నాం.

కొత్తవారు స్వయంగా నడపడానికి కాన్యన్‌ల్యాండ్స్ పార్కులోని షేఫర్ దారిని మించింది లేదు. ఒకప్పుడు పశువుల కాపరులు మందల్ని పైకీ కిందికీ తోలుకెళ్లిన బాట ఇది. 1950లలో యురేనియం వేట మొదలయ్యాక లారీలు తిరిగేలా వెడల్పు చేశారు. పైన పార్కు సందర్శకుల కేంద్రంలో రేంజరును అడిగి దారి తెరిచే ఉందని తెలుసుకున్నాం. దగ్గర్లోని వ్యూపాయింట్ నుంచి చూస్తే మనం దిగబోయే మలుపులన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అత్తయ్య గారికి ముందే అక్కడి నుంచి చూపించాను. "తిరుమల ఘాట్ రోడ్డుకు పిట్టగోడైనా ఉంటుంది కదమ్మా" అన్నారు. నిజమే, ఇక్కడ అంచున ఏమీ ఉండదు. కిందికి దాదాపు 1,500 అడుగులు.

మలుపులు మొదలయ్యే ముందు బండిని దాదాపు ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పక్కనున్న చిన్న లివరును "ఫోర్ లో"లోకి, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే స్థితిలోకి లాగాను. మొదటి గేరులో పెట్టి బ్రేకు మీద నుంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతూ నడక వేగంతో దింపుతుంది. ఒక్కసారి ఆ పట్టు తెలిశాక భుజాలు బిగుసుకోవడం మానేశాయి. దారి చాలా చోట్ల ఒకే బండికి సరిపోతుంది. ఎదురుగా పైకి వచ్చేవారికే దారి ఇవ్వాలి కాబట్టి మలుపు తిరిగే ముందే కింద దుమ్ము లేస్తోందేమో చూసుకుని, వెడల్పున్న చోట ఆగాలి. ఒక చోట రెండు జీపులు వస్తుంటే కొండవైపు ఒదిగి ఆగాను. వెనక సీట్లోంచి అత్తయ్య గారు, "అమ్మాయ్, నెమ్మదిగానే పోనివ్వు, మనకేం తొందర" అన్నారు. మూడో మలుపు దాటేసరికి ఆవిడే కిటికీ అద్దం దించి ఫోటోలు తీస్తున్నారు.

కిందికి దిగాక కుడివైపు వైట్ రిమ్ దారి చీలుతుంది. అది పార్కు చుట్టూ దాదాపు వంద మైళ్లు పోతుంది. అటు వెళ్లాలంటే ఒక్క రోజుకైనా అనుమతి పత్రం కావాలి, రోజుకు 50 మోటారు వాహనాలకే ఇస్తారు. మస్సెల్‌మన్ ఆర్చ్ అనే సహజమైన రాతి తోరణం అటే ఉంది కనుక దాన్ని చూడాలనుకునేవారు ముందే తీసుకోవాలి. మేము ఎడమకు తిరిగి పొటాష్ దారి పట్టాం, దానికి విడిగా అనుమతి అక్కర్లేదు.

మలుపులు చూసి భయపడతాం గానీ, చేతికి అసలు పని పెట్టేది పొటాష్ దారే. వాగు దాటే చోట్లలో రాతి మెట్లు ఉన్నాయి. అలాంటి ఒక చోట మా మరిది దిగి ముందు నిలబడి, "వదినా, ఎడమ చక్రం ఆ చదును రాయి మీదికి ఎక్కించండి, ఇంకొంచెం, చాలు" అంటూ చేత్తో చూపించాడు. రాయిని రెండు చక్రాల మధ్యకు రానివ్వకుండా చక్రం కిందికే తెచ్చుకుంటే బండి పొట్ట తగలదు. పక్కన ఎంత చదునుగా కనిపించినా దారి దిగవద్దు. ఎడారి మట్టి మీద నల్లగా గరుకుగా కనిపించే పొరలో జీవం ఉంటుంది. గాలికి, వానకు మట్టి కొట్టుకుపోకుండా కాపాడేది అదే. ఒక్క చక్రం తొక్కితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కొందరు ఫోటో కోసం దాని మీదికి ఎక్కించిన గుర్తులు చూసి మనసు చివుక్కుమంది.

కొంతదూరం పోయాక ఆ ఎరుపు మధ్యలో కళ్లు చెదిరే నీలం రంగు చెరువులు వస్తాయి. అవి పొటాష్ గనివి, పొటాష్ అంటే ఎరువుల్లో వాడే ఒక రకం ఉప్పు. కొలరాడో నది నీటిని భూమిలోకి పంపి, ఉప్పు కరిగించి పైకి తోడి ఎండబెడతారు. ఎండ వేడిని ఎక్కువగా పట్టాలని నీళ్లలో నీలం రంగు కలుపుతారు. 1963లో ఈ గనిలో పేలుడు జరిగి 18 మంది కార్మికులు చనిపోయారు. అప్పట్లో మనుషులు లోపలికి దిగి తవ్వేవారు. ఆ తర్వాత తారురోడ్డు వచ్చి నది వెంబడే ఊళ్లోకి చేరుస్తుంది. దారిలో కొండగోడ మీద ప్రాచీనులు చెక్కిన బొమ్మలున్నాయి, తప్పక ఆగండి.

బస గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఊరి మధ్యలో మేము దిగిన హోటల్ ధరకు తగినట్టు లేదు: ఏసీ శబ్దం, పలచటి గోడలు, ఉదయం ఎనిమిదికే ఖాళీ అయిపోయిన పళ్లేలు. వసంతంలో, శరదృతువులో ధరలు మండిపోతాయి. ఈస్టర్‌కు ముందు వారం 1967 నుంచి జీపుల సంబరం జరుగుతోంది, అప్పుడు గది దొరకడమే గగనం. యాభై మైళ్ల దూరంలోని గ్రీన్ రివర్‌లో చవకగా దొరుకుతాయి. గుడారం ఉన్నవారికి 128వ నంబరు రోడ్డు పక్కన, నది ఒడ్డునున్న ప్రభుత్వ క్యాంపు స్థలాలు హోటళ్ల కంటే ఎన్నో రెట్లు నయం. శాకాహారులకు ఊళ్లో థాయ్ భోజనం దొరుకుతుంది. మధ్యాహ్నానికి మాత్రం దారిలో ఏమీ ఉండదు, మాకు అత్తయ్య గారు కలిపిన పులిహోర అక్కరకొచ్చింది.

పార్కులో పెట్రోలు లేదు, దారి పొడవునా ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. జూలైలో ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. వేసవి చివర్లో ఉన్నట్టుండి వాన పడి వాగులు పొంగుతాయి, తడిస్తే షేఫర్ దారి బురదై నడపడానికి పనికిరాదు, చలికాలంలో మంచు పడి మూసేస్తారు. అందుకే దారి మూసి ఉంటే తేదీ మార్చుకోనిస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా అని అద్దె డబ్బు కట్టకముందే అడగండి. మాకు బండి ఇచ్చినవారు తేదీ మారుస్తామన్నారు గానీ డబ్బు వెనక్కి ఇవ్వమన్నారు. పక్క దుకాణంలో రెండూ లేవు.