కేఆర్‌ఆర్: క్లస్టర్‌లో ఖాళీగా ఆపి ఉంచిన సీట్ల లెక్క

అనేక కంప్యూటర్ల సమూహం (క్లస్టర్) మీద అప్లికేషన్లను నడిపే వ్యవస్థ కుబర్నెటిస్. అందులో నడిచే ప్రతి అప్లికేషన్‌కూ ఎంత సీపీయూ, ఎంత మెమరీ కావాలో యామల్ అనే అమరికల ఫైలులో రిక్వెస్ట్‌గా ముందే రాసిపెడతాం. మొదటి రోజున అసలు వాడకం ఎవరికీ తెలియదు కనుక, చాలకపోతే ఏమవుతుందోనన్న భయంతో ఎక్కువే రాస్తాం. ఆ తర్వాత ఆ అంకె జోలికి ఎవరూ పోరు. పాడ్‌ను (నడుస్తున్న అప్లికేషన్ ప్రతి) ఏ నోడ్ (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్) మీద పెట్టాలో నిర్ణయించే షెడ్యూలర్ చూసేది ఆ రిక్వెస్ట్‌నే గానీ వాస్తవ వాడకాన్ని కాదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి ఆపిన సీటులో ఎవరూ కూర్చోకపోయినా అది నిండిన సీటే. నాలుగు కోర్ల నోడ్ మీద 500 మిల్లీకోర్ల (అర కోరు) చొప్పున అడిగే పాడ్‌లు ఏడు ఎక్కాయంటే, వ్యవస్థ తన అవసరాలకు కొంత ఉంచుకుంటుంది కనుక, ఎనిమిదోదానికి చోటు ఉండదు. ఆ ఏడూ కలిసి అర కోరు కూడా వాడకపోయినా సరే, కొత్త నోడ్ వస్తుంది, దాని అద్దె నెల బిల్లులో చేరుతుంది.

ఈ ఖాళీ సీట్లను లెక్కగట్టే కమాండ్‌లైన్ సాధనమే కేఆర్‌ఆర్. పూర్తి పేరు కుబర్నెటిస్ రిసోర్స్ రికమెండర్. రోబస్టా సంస్థ దీనిని పైథాన్‌లో రాసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. నాకు దీనిలో మొదట నచ్చిన విషయం, క్లస్టర్ లోపల ఏమీ పెట్టనక్కర లేకపోవడం. మన లాప్‌టాప్ నుంచే నడుస్తుంది, కొలతలు భద్రపరిచే ప్రొమీథియస్‌లో ఇప్పటికే పోగైన పాత అంకెలను చదివి కొద్దిసేపట్లో పట్టిక ముందుంచుతుంది. ప్రొమీథియస్ గానీ, దాని పద్ధతిలోనే కొలతలు అందించే మరో సాధనం గానీ లేని చోట మాత్రం దీనితో పని జరగదు.

మేము దీనిని మొదట ఒకే నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విభాగం) మీద నడిపాం. పట్టికలో ఒక్కో వరుస ఒక్కో కంటైనర్‌ది, అంటే పాడ్‌లో నడిచే ఒక్కో ప్రోగ్రామ్‌ది. ఇప్పుడున్న అంకె, బాణం గుర్తు, పక్కన సూచించిన అంకె, తేడా తీవ్రతను బట్టి రంగు. సందేశాలు పంపే మా చిన్న సర్వీసు వరుసలో సీపీయూ 500 మిల్లీకోర్ల నుంచి 22కు దిగింది. ఆ 500 రాసింది నేనే. రెండేళ్ల క్రితం వేరే సర్వీసు ఫైలులోంచి తెచ్చి అతికించిన అంకె అది, దాని వెనుక ఏ కొలతా లేదు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తేనే వాటిని ఎంత నమ్మాలో తెలుస్తుంది. సింపుల్ అనే మామూలు పద్ధతిలో సీపీయూకు వాడకపు 95వ పర్సెంటైల్‌ను (నూటికి 95 కొలతలు దాటని అంకెను) రిక్వెస్ట్‌గా సూచిస్తుంది, లిమిట్ (వాడకానికి గరిష్ఠ హద్దు) అసలు పెట్టవద్దంటుంది. లిమిట్ లేకపోతే ఒక పాడ్ మొత్తం నోడ్‌ను మింగేస్తుందని చాలామంది భయపడతారు. కానీ సీపీయూకు కరవు వచ్చినప్పుడు ప్రతి పాడ్‌కూ దాని రిక్వెస్ట్ నిష్పత్తిలో వాటా అందుతుంది, కరవు లేనప్పుడు మిగులును ఎవరికి కావాలంటే వారు వాడుకుంటారు. లిమిట్ పెడితే నోడ్ ఖాళీగా ఉన్నా, ఆ హద్దుకు చేరిన పాడ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఆపి ఆపి నడిపిస్తుంది. అందుకే సీపీయూ విషయంలో దీని మాటను నేను దాదాపు యథాతథంగా అమలు చేస్తాను.

మెమరీ సంగతి వేరు. అక్కడ గమనించిన గరిష్ఠ వాడకానికి 15 శాతం కలిపి, ఆ అంకెనే రిక్వెస్ట్‌గానూ లిమిట్‌గానూ సూచిస్తుంది. సీపీయూ చాలకపోతే పని నెమ్మదిస్తుంది. మెమరీ లిమిట్ దాటితే కంటైనర్‌ను కెర్నెల్ చంపేస్తుంది. మా దగ్గర నెలాఖరున మాత్రమే బరువెక్కే నివేదికల సర్వీసు ఒకటి ఉంది. నెల మధ్యలో తీసిన సూచనను చూసి దాని మెమరీ తగ్గించాం, ముప్పయ్యో తేదీ రాత్రి అది 137 కోడ్‌తో (బలవంతంగా చంపినట్టు చెప్పే గుర్తు) పదేపదే పడిపోయింది. తప్పు పూర్తిగా మాదే: మేము చూపించిన రోజుల్లో నెలాఖరు లేదు. ఎన్ని రోజుల చరిత్ర చూడాలో హిస్టరీ డ్యురేషన్ ఐచ్ఛికంతో చెప్పవచ్చు, అయితే ప్రొమీథియస్ మామూలుగా 15 రోజుల కొలతలనే ఉంచుతుంది కనుక ముందు అక్కడ గడువు పెంచుకోవాలి. గతంలో మెమరీ చాలక పడిపోయిన ఘటనలను కూడా లెక్కలోకి తీసుకోమనే ఐచ్ఛికం ఉంది, దానిని తప్పక వాడండి. జావా సర్వీసుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. హీప్‌కు (తన డేటా ఉంచుకునే మెమరీకి) ఎంత ఇస్తే అంత పట్టుకుని కూర్చునే అలవాటు జావాది కనుక, కేఆర్‌ఆర్ చూసే గరిష్ఠం అప్లికేషన్ నిజమైన అవసరం కాకపోవచ్చు.

హెచ్‌పీఏ (పాడ్‌ల సంఖ్యను తానే పెంచి తగ్గించే ఏర్పాటు) ఉన్న సర్వీసులకు ఇది తనంతట తాను సూచన ఇవ్వదు. హెచ్‌పీఏ సాధారణంగా రిక్వెస్ట్‌లో ఎంత శాతం వాడుతున్నామన్నది చూసి పాడ్‌ల సంఖ్య పెంచుతుంది. రిక్వెస్ట్ మారిస్తే ఆ శాతమే మారిపోతుంది. కావాలని అడిగితేనే లెక్క చెప్పడం మంచి నిర్ణయం.

అంకెలు తగ్గించిన మరునాడే బిల్లు తగ్గుతుందని ఆశించవద్దు. మనం డబ్బు కట్టేది నోడ్‌లకు, పాడ్‌లకు కాదు. అవసరాన్ని బట్టి నోడ్‌లను చేర్చి తీసే క్లస్టర్ ఆటోస్కేలర్ మామూలు అమరికలో, ఒక నోడ్ మీది రిక్వెస్ట్‌ల మొత్తం దాని సామర్థ్యంలో 50 శాతం లోపుకు పడిపోయి, అక్కడి పాడ్‌లకు వేరే చోటు దొరికి, ఆ స్థితి పది నిమిషాలు నిలిస్తేనే ఆ నోడ్‌ను తొలగిస్తుంది. ఆటోస్కేలర్ లేని క్లస్టర్‌లో నోడ్‌లను మనమే తీయాలి, లేకపోతే ఎంత సవరించినా పైసా మిగలదు.

ఈ కమాండ్ పట్టిక చూపించి ఊరుకుంటుంది, దేనినీ మార్చదు. నా దృష్టిలో అది లోపం కాదు. మేము నెలకోసారి ఫలితాన్ని జేసన్ రూపంలో తీసి, ఒక్కో సర్వీసు వరుసను దాని బాధ్యత చూసే వారికి పంపుతాం. సీపీయూ మార్పును వారు ఆ రోజే ఒప్పుకుంటారు. మెమరీ మార్పును నెలాఖరు దాటాక పెడతారు.