వన్‌టౌన్‌లో కీ ఇచ్చే వాచీలకు ఒక మంచి కొట్టు

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దాటాక ఒక సందులో ఉంది ఈ వాచీ రిపేరు కొట్టు. ఒక మనిషి, ఒక బల్ల, బయట ఒక స్టూలు. ఇంట్లో కీ ఇచ్చే పాత వాచీ ఉన్నవాళ్లెవరైనా నిశ్చింతగా ఇక్కడికి తీసుకెళ్లొచ్చు.

నేను తీసుకెళ్లింది మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా. ఉన్నట్టుండి రోజుకు పావుగంటకు పైగా ముందుకు పోసాగింది. అంతకుముందు ఒక పెద్ద షోరూంలో చూపిస్తే, అక్కడి అబ్బాయి వెనక మూతైనా తీయకుండా మెయిన్ స్ప్రింగు, ఎస్కేప్‌మెంట్ అంటూ చాలాసేపు చెప్పి, లోపలి మెషీన్ మొత్తం మార్చాలన్నాడు. చెప్పిన పేర్లన్నీ సరైనవే. రోగం మాత్రం అది కాదు.

ఇక్కడి పెద్దాయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు. "రాత్రిళ్లు ఎక్కడ పెడతారమ్మా?" అని అడిగారు. టేబుల్ మీద, మా వాడి బ్లూటూత్ స్పీకర్ పక్కన అన్నాను. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీకి దగ్గరగా జరిపారు. దిక్సూచి ముల్లు చటుక్కున పక్కకు తిరిగింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నేను చూశానా లేదా అన్నదే చూశారు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. స్పీకర్‌లోని అయస్కాంతం పట్టిన హెయిర్ స్ప్రింగు, అంటే వాచీ లోపలి వెంట్రుకంత సన్నని చుట్టల స్ప్రింగు, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైపోయినట్టే లెక్క, దాంతో వాచీ వేగాన్ని నడిపే బ్యాలెన్స్ చక్రం త్వరత్వరగా ఊగుతుంది. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకు తెలియదు. అయినా ఎదుటి మనిషికి చూస్తే అర్థమవుతుందని నమ్మారు. పాఠాలు చెప్పే మాకే ఆ ఓర్పు ఉండదు. తర్వాత వాచీని అయస్కాంతం తీసేసే డబ్బా మీద పెట్టి, మీట నొక్కి పట్టుకుని, మెల్లగా దూరంగా లాగారు. మళ్లీ దిక్సూచి పెడితే ముల్లు కదల్లేదు. డబ్బు తీసుకోలేదు. "ఒక రోజు చూసి రండి, అప్పటికీ ముందుకు పోతే విప్పుదాం" అన్నారు. ఇప్పటిదాకా విప్పే అవసరం రాలేదు.

అప్పుడే ఒక కుర్రాడు వచ్చాడు. వాచీ లోపల బిగించే చిన్న రాళ్లు, అంటే జ్యువెల్స్, ఎన్ని ఎక్కువుంటే టైము అంత కచ్చితంగా ఉంటుందని, 17 చాలా తక్కువని ఆయనకే వివరించాడు. ఆయన "అలాగా బాబూ" అంటూ మొత్తం విని, విప్పి ఉన్న ఒక వాచీని అతని ముందు పెట్టి, తన కంటి భూతద్దం చేతికిచ్చారు. "ఎర్రరాళ్లు ఎక్కడున్నాయో చూడు." కుర్రాడు వంగి చాలాసేపు చూశాడు. "చక్రాల ఇరుసుల దగ్గరే ఉన్నాయి... అరగకుండానా?" అన్నాడు. "అంతే బాబూ." ఆ పిల్లాడి మొహంలో చిన్నబోయిన ఛాయే లేదు. తనే కనిపెట్టినంత సంబరంగా ఇంకో వాచీ చూపించమన్నాడు. నలుగురి ముందు తప్పని తేల్చేసి ఉంటే అతను మళ్లీ ఆ గడప తొక్కేవాడా?

తన చేతకానిదాన్ని కూడా ఆయన అంతే తేలిగ్గా చెప్పేస్తారు. నా ముందే ఒకాయన ఖరీదైన విదేశీ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) తెస్తే, "దీని పార్టులు నా దగ్గర లేవండీ, కంపెనీ సర్వీసుకే పంపండి" అని తిరిగిచ్చేశారు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది కాబట్టి ఆ వాచీలకు పాత పార్టులే గతి. పాతది వేయాల్సి వస్తే ముందు చూపించి, మనం సరేనంటేనే వేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. రసీదు ఇవ్వరు. ఫలానా రోజుకు ఇస్తానని మాట ఇవ్వరు, పెళ్లి దగ్గర పెట్టుకుని వెళ్తే కష్టమే. చూపు బాగా ఆనాల్సిన పని సాయంత్రం ముట్టుకోరు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. వాచీ ఏ వేళకు ఆగుతోందో, ఎక్కడ పెడుతున్నారో ముందే గమనించి వెళ్తే మంచిది, ఆయన మొదట అడిగేది అదే.