ఖాతాదారు వారీ లెక్కకు ఎక్సెల్ కౌంటిఫ్స్: నా అభిప్రాయం

ఎరువులు, విత్తనాల దుకాణంలో లెక్కలు చూసే నాకు నెలాఖరున ముఖ్యంగా తేలవలసిన విషయం ఒకటుంది: ఏ రైతు ఖాతాలో, పదివేల రూపాయలకు మించి, 30 రోజులు దాటినా సొమ్ము జమ కాని బిల్లులు ఎన్ని ఉన్నాయి? కొన్నేళ్లుగా ఈ పనికి నేను ఎక్సెల్‌లోని కౌంటిఫ్స్ (COUNTIFS) ఫార్ములానే, అంటే ఇచ్చిన షరతులన్నిటికీ సరిపడే వరుసలు ఎన్నో లెక్కించేదాన్నే, నమ్ముకున్నాను.

2007 వెర్షన్‌తో వచ్చిన ఈ ఫార్ములాకు ఒక కాలమ్, దాని షరతు, మళ్లీ ఒక కాలమ్, దాని షరతు అంటూ 127 జతల వరకు ఇవ్వవచ్చు. నాకు నాలుగు సరిపోయాయి. అన్ని షరతులకూ నిలిచిన బిల్లు మాత్రమే లెక్కలోకి వస్తుంది. వరుసలను గుంపులుగా చేసి చూపే ఎక్సెల్ పట్టిక, పైవట్ టేబుల్ కూడా ఖాతాల వారీగా లెక్క చెబుతుంది గానీ, చాలా వెర్షన్లలో మార్పు చేసిన ప్రతిసారీ దాన్ని రిఫ్రెష్ చేయవలసి ఉంటుంది. ఇక్కడైతే ‘జమ’ అని రాసి ఎంటర్ నొక్కగానే ఆ రైతు పేరుకు ఎదురుగా ఉన్న 5 అప్పటికప్పుడే 4 అవుతుంది. రైతు కౌంటరు ముందు నిలబడి ఉన్నప్పుడు ఇది ఎంత అక్కరకు వస్తుందో లెక్కలు రాసేవారికి తెలుసు.

అయితే జాగ్రత్తలు తప్పవు. కాలమ్ పరిధులు కదలకుండా నిలిపే డాలర్ గుర్తు ($) పెట్టకుండా ఫార్ములాను కిందికి లాగితే పరిధులన్నీ కలిసి జరిగిపోతాయి. ఎర్రర్ ఏదీ రాదు, పై బిల్లులు మాత్రం లెక్కలోంచి జారిపోతాయి. తేదీ ఉన్న సెల్ పేరును కొటేషన్ గుర్తుల లోపలే రాస్తే సున్నా వస్తుంది. ‘కన్నా తక్కువ’ గుర్తును (<) మాత్రమే కొటేషన్లలో ఉంచి, యాంపర్‌సాండ్‌తో (&) సెల్‌ను జతచేయాలి. పేరు చివర ఒక్క ఖాళీ మిగిలినా ఆ బిల్లు వేరే మనిషిదిగా మిగిలిపోతుంది, ఒకే ఊళ్లోని ఇద్దరు వెంకటేశ్వర్లు బిల్లులేమో కలిసిపోతాయి. అందుకే నేను పేరుకు బదులు ఖాతా నంబరునే షరతుగా ఇస్తున్నాను.

నిజమైన లోటు మరొకటి. ‘జమ కాలేదు’ లేదా ‘కొంత జమ’ అన్న రెండింటినీ కలిపి లెక్కించాలంటే మామూలుగా రెండు కౌంటిఫ్స్‌లను కూడుకోవాలి. ఒక రైతు ఎన్ని వేర్వేరు రోజుల్లో సరుకు తీసుకున్నాడో ఇది నేరుగా చెప్పలేదు, ఎందుకంటే ఇది లెక్కించేది వరుసలనే.

ఎక్సెల్ కొనే స్తోమత లేని చిన్న దుకాణాలవారు గూగుల్ షీట్స్‌లోగానీ లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోగానీ ఇదే ఫార్ములాను ఇదే పేరుతో ఉచితంగా వాడుకోవచ్చు.