సంగీతానికి సాయం: కచేరీ, ఆర్గన్, చవక టికెట్టు, రాయల్టీ... ఏది మేలు?

సంగీతం కోసం, సంగీతం ద్వారా డబ్బిచ్చిన దాతలు బ్రిటన్‌లో కొల్లలు. ఎవరు ఎంతిచ్చారో చెప్పడం తేలికే. ఇచ్చింది యాభై ఏళ్ళ తర్వాత ఏ స్థితిలో ఉందన్నదే అసలు పరీక్ష. సహాయార్థ కచేరీ పెట్టినవాళ్ళున్నారు, వాయిద్యాలు కొనిచ్చినవాళ్ళున్నారు, టికెట్టు ధర తగ్గించడానికి ఎదురు డబ్బు పెట్టినవాళ్ళున్నారు, తమ రాయల్టీనే రాసిచ్చినవాళ్ళున్నారు. అందరూ పెద్ద పేర్లే. ఫలితాలు మాత్రం ఒక్కలా లేవు.

ముందు కచేరీ సంగతి. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ళ తరబడి తిరిగి, 1739లో రాజుగారి అనుమతిపత్రం సంపాదించి, లండన్‌లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ పెట్టాడు. పేరులో హాస్పిటల్ ఉన్నా అది తల్లులు పెంచుకోలేని పసిబిడ్డల శరణాలయం. అక్కడి చాపెల్ (ప్రార్థనామందిరం) పని పూర్తి కాకముందే 1749 మే 27న స్వరకర్త హ్యాండెల్ అందులో కచేరీ చేసి డబ్బు కూడబెట్టాడు. మరుసటి ఏడాది మే 1న, క్రీస్తు మీద తాను కూర్చిన పెద్ద గాన రచన 'మెస్సయా' వినిపించాడు. టికెట్టు అర గినీ, అంటే పది షిల్లింగుల ఆరు పెన్నీలు. చాపెల్‌లో ఎందరు పడతారో లెక్కకట్టి అన్ని టికెట్లే అమ్మారు. తీరా ఆ రోజు టికెట్టు లేని పెద్దమనుషులు గుమ్మం దగ్గర డబ్బు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళను కాదనలేక లోపలికి పంపారు. దాంతో ముందే కొన్నవాళ్ళలో కొందరికి చోటు లేక వెనుదిరగాల్సి వచ్చింది. వాళ్ళకోసం మే 15న మళ్ళీ వాయించారు. సహాయార్థ కచేరీ నడిపేవాళ్ళు ఈనాటికీ చేసే పొరపాటు ఇదే. గుమ్మం దగ్గర వచ్చే అదనపు డబ్బు చూసి ముందుగా కొన్నవాళ్ళ కుర్చీ అమ్మేస్తారు. రెండో కచేరీ పెట్టి మాట నిలబెట్టుకోగల స్తోమత హ్యాండెల్‌కు ఉంది, అందరికీ ఉండదు.

ఆ కచేరీ ఏటేటా జరిగే ఆనవాయితీ అయింది. హ్యాండెల్ 1759లో పోయాక కూడా 1777 దాకా సాగింది. మొత్తం మీద ఆ శరణాలయానికి దాదాపు 7,000 పౌండ్లు సమకూరాయి. వాద్యబృందం మరీ పెద్దది కాదు. 1754 నాటి లెక్కల ప్రకారం నలభై లోపు వాయిద్యగాళ్ళు, ఇరవై మందికి అటూ ఇటుగా కోరస్. హ్యాండెల్ తన వంతు ఉచితంగా చేసినా చాలామంది కళాకారులకు డబ్బు ముట్టింది. ఇది గమనించాల్సిన విషయం. ఎవరికీ పైసా ఇవ్వకుండా ఏటేటా కచేరీ నడపాలనుకుంటే మూడో ఏటికే మంచి వాయిద్యగాళ్ళు కనిపించరు.

అన్నిటికన్నా దూరాలోచన ఆయన వీలునామాలో ఉంది. 1757లో చేర్చిన అనుబంధంలో 'మెస్సయా' సాఫు ప్రతినీ, అన్ని పార్టులనూ శరణాలయానికి రాశాడు. స్కోరు అంటే అందరి వరుసలూ ఒకేచోట ఉండే పుస్తకం, పార్టు అంటే ఒక్కో వాయిద్యగాడి ముందు స్టాండు మీద ఉండే కాగితం. చేతిరాత కాలంలో పార్టులు లేని స్కోరు చేతికొస్తే, ఒక్క స్వరం పలకాలన్నా ముందు రాయసగాళ్ళకు వారాల తరబడి కూలి ఇచ్చుకోవాలి. శరణాలయం పెద్దలు అంతకుముందు ఇంకో ఎత్తు వేశారు. ఆ రచనను ఇంకెవరూ పాడకుండా పార్లమెంటు చేత చట్టం చేయించాలని చూస్తే హ్యాండెల్ ఒప్పుకోలేదు. ఆయనదే ఒప్పు. గుత్తాధిపత్యం లేదు కాబట్టే ఊరూరా అదే రచనతో ఆసుపత్రులకూ పేదలకూ విరాళాలు పోగయ్యాయి. అసలు 1742లో డబ్లిన్‌లో జరిగిన తొలి ప్రదర్శనే అప్పుల పాలై జైల్లో మగ్గుతున్నవాళ్ళ కోసం, రెండు ఆసుపత్రుల కోసం. ఆ సొమ్ముతో 142 మంది ఖైదీలు బయటపడ్డారు. ఎక్కువ మంది పట్టేలా ఆడవాళ్ళను లంగాల కింద వెడల్పాటి కట్లు వేసుకోకుండా రమ్మని పత్రికలో ప్రకటన కూడా ఇచ్చారు!

ఇక వాయిద్యం. ఇక్కడ ఆండ్రూ కార్నెగీని మించినవాడు లేడు. 1835లో స్కాట్లండ్‌లోని డన్‌ఫెర్మ్‌లిన్‌లో పుట్టి, అమెరికాలో ఉక్కుతో కోట్లు గడించినవాడు. అమెరికా, బ్రిటన్, ఇంకా ఇతర దేశాల్లో కలిపి 7,600 పైచిలుకు చర్చి ఆర్గన్లకు (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాయిద్యాలు) డబ్బిచ్చాడు. సాధారణంగా సగం ఖర్చు ఆయనది, మిగతా సగం ఊరివాళ్ళు పోగుచేసుకోవాలి. షరతు మంచిదే. ఊరివాళ్ళ చేతి చమురు వదిలితేగానీ ఆ వస్తువు మీద మమకారం పుట్టదు. కానీ షరతు కొనుగోలుతో ఆగిపోయింది. ఏనుగునిచ్చి అంకుశం మరిచినట్టే.

ఆర్గన్ పోషణ భారం చిన్నది కాదు. పదిహేను స్టాపులు (ఒక్కో రకం ధ్వనికి ఒక్కో గొట్టాల వరుస) ఉన్న చిన్న ఆర్గన్‌లో కూడా, స్టాపుకు 56 స్వరాల లెక్కన, దాదాపు ఎనిమిది వందల గొట్టాలుంటాయి. గాలిని పంచిపెట్టే చెక్కపెట్టెలు చలికాలంలో చర్చి హీటర్ల వేడికి ఎండి పగుళ్ళిస్తాయి. ఒక స్వరానికి వెళ్ళాల్సిన గాలి పక్కదానిలోకి జారుతుంది, మీట నొక్కకుండానే గొట్టం మోగుతూ ఉంటుంది. మరమ్మతు చేసేవాళ్ళు దీన్ని సైఫర్ అంటారు. ప్రార్థన మధ్యలో ఇది మొదలైతే ఆ స్టాపు మూసేయడమో ఆ గొట్టం పీకేయడమో తప్ప అప్పటికప్పుడు దారి లేదు. కార్నెగీ కాలపు ఆర్గన్లలో చాలావాటికి గాలితో నడిచే చిన్న చిన్న తోలు తిత్తులుంటాయి. ఆ తోలు కొన్ని దశాబ్దాలకు పొడిపొడిగా రాలిపోతుంది. ఒక్కటి మారిస్తే సరిపోదు, పక్కవన్నీ అదే వయసువి. గొట్టాలన్నీ దింపి, కడిగి, తోలు మార్చి, మళ్ళీ శ్రుతి చేసేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. జనం తగ్గిన చర్చికి అది అసాధ్యం. వాయిద్యం ఇవ్వదలచినవాళ్ళకు నా లెక్క ఇది: మీ దగ్గరున్న సొమ్ముతో పట్టేదానికన్నా చిన్న ఆర్గన్ కొనండి, మిగిలిన డబ్బు డిపాజిట్ చేసి దాని వడ్డీతో శ్రుతి చేయించండి. అలా కుదరదంటే అసలు కొనకండి.

కార్నెగీ సొమ్ము చేసిన అసలు మేలు వేరే చోట ఉంది. 1913లో 20 లక్షల పౌండ్లతో ఆయన పెట్టిన యునైటెడ్ కింగ్‌డమ్ ట్రస్టు మొదట్లో ఆర్గన్లకూ ఇచ్చింది, తర్వాత ఆ పని మానుకుని అచ్చు వైపు తిరిగింది. 1917 నుంచి బ్రిటిష్ స్వరకర్తల రాతప్రతులు తెప్పించుకుని, ఎంపిక చేసినవాటిని తన ఖర్చుతో అచ్చువేయించింది. రాయల్టీ స్వరకర్తకే. అలా 1920లో వెలుగు చూసినవాటిలో వాన్ విలియమ్స్ 'లండన్ సింఫనీ' ఒకటి. 1914 మార్చిలో లండన్‌లోని క్వీన్స్ హాల్‌లో తొలిసారి వాయించాక దాని స్కోరును జర్మనీకి పంపారు. యుద్ధం వచ్చిపడి అది పోయింది. ఏకైక ప్రతి! వాయిద్యగాళ్ళ పార్టులు లండన్‌లోనే ఉండిపోయాయి కాబట్టి, స్వరకర్తా మిత్రులూ కూర్చుని వాటినుంచి మళ్ళీ స్కోరు రాసుకున్నారు. అచ్చు ఖర్చు పెట్టడం పేరు తెచ్చే దానం కాదు. దాత పేరు చెక్కడానికి గోడ ఉండదు. అయినా ఆ ట్రస్టు డబ్బుతో 1922, 1929 మధ్య పది సంపుటాలుగా వచ్చిన ట్యూడర్ కాలపు (పదహారో శతాబ్దపు) చర్చి సంగీతం, అందులోంచి విడిగా వేసిన చిన్న ప్రతులూ, బర్డ్, టాలిస్, గిబ్బన్స్ రచనలను మామూలు గాయక బృందాల చేతికి తెచ్చాయి. నా ఓటు దీనికే.

చవక టికెట్టు దారిలో రెండు మంచి ఉదాహరణలున్నాయి. వ్యాపారి రాబర్ట్ మేయర్, ఆయన భార్య అయిన గాయని డొరతీ మౌల్టన్ కలిసి 1923లో వెస్ట్‌మినిస్టర్ సెంట్రల్ హాల్‌లో పిల్లల కచేరీలు మొదలుపెట్టారు. మొదట ఏడ్రియన్ బౌల్ట్, ఆ తర్వాత మాల్కమ్ సార్జెంట్ వాద్యబృందాన్ని నడిపారు. కృత్రిమ పట్టు వ్యాపారి శామ్యూల్ కోర్టాల్డ్ భార్య ఎలిజబెత్ 1929లో వేసిన పథకం ఇంకా పకడ్బందీది. దుకాణాల్లో, కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు సంస్థల ద్వారా సీజన్ మొత్తానికీ తక్కువ ధరకు సీట్లు ముందే అమ్మారు. గిరాకీ ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి అదే కార్యక్రమాన్ని వరుసగా మళ్ళీ వాయించవచ్చు, రిహార్సల్ ఖర్చు రెండు రాత్రుల మీద పడుతుంది. అప్పట్లో లండన్ వాయిద్యగాళ్ళు ఎక్కువ డబ్బొచ్చే పని దొరికితే రిహార్సల్‌కు తాము వచ్చి కచేరీకి బదులు మనిషిని పంపేవారు. 1904లో క్వీన్స్ హాల్ వాద్యబృందాన్ని నడిపే హెన్రీ వుడ్ దీన్ని నిషేధించబోతే నలభై మందికి పైగా వెళ్ళిపోయి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. ఆ జబ్బుకు ఖాయమైన పనే మందు. ఎలిజబెత్ 1931లోనే పోయినా కచేరీలు 1940 దాకా నడిచాయి. అవి జరిగిన క్వీన్స్ హాల్ 1941 మేలో బాంబులకు కూలింది. ఈ పద్ధతి లోపం తెలిసిందే: డబ్బు ఆగిన మరునాడు టికెట్టు పాత ధరకు ఎక్కుతుంది. వినడం అలవాటైన జనం మాత్రం మిగులుతారు, కాబట్టి వృథా అనలేం.

రాయల్టీ రాసివ్వడం చూడ్డానికి అన్నిటికన్నా తెలివైనది. వాన్ విలియమ్స్ 1956లో తన రచనల ప్రదర్శన ఆదాయాన్ని ఒక ట్రస్టుకు మళ్ళించాడు, అది ఇతర స్వరకర్తలకు సాయం చేస్తూ వచ్చింది. కార్నెగీ డబ్బుతో అచ్చయిన సింఫనీ మీద వచ్చిన ఆదాయం ఇంకొకరి సంగీతానికి చేరడం చూస్తే ముచ్చటేస్తుంది. చిక్కల్లా గడువుతోనే. ఆయన 1958లో పోయాడు. బ్రిటన్‌లో కాపీరైటు మరణించిన ఏడాది చివరినుంచి 70 ఏళ్ళు, అంటే 2028 డిసెంబర్ 31తో ఆ నీరు ఆగుతుంది. మన దేశంలో 60 ఏళ్ళే కాబట్టి 2018తోనే తీరిపోయింది. 1934లో పోయిన స్వరకర్త డీలియస్ ఆస్తితో ఏర్పడ్డ ట్రస్టుకు ఇంకో వింత ఎదురైంది. అప్పటి 50 ఏళ్ళ లెక్కన 1984లో హక్కులు పోయాయి, 1996లో గడువు 70కి పెంచడంతో తిరిగొచ్చి 2004 చివర మళ్ళీ పోయాయి. గడువును దాటింది ఒక్కటే, అది సంగీతం కాదు. రచయిత జె.ఎం. బారీ 1929లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికిచ్చిన 'పీటర్ పాన్' నాటకం రాయల్టీకి 1988 చట్టం బ్రిటన్ వరకు శాశ్వత హక్కు కల్పించింది. అలాంటి చట్టం మీకోసం ఎవరూ చేయరు. పత్రం రాసేటప్పుడే ఏటా వచ్చేదాంట్లో కొంత మూలధనంలో కలపాలని షరతు పెట్టండి, రికార్డింగు హక్కు వేరు, రచన హక్కు వేరు అని విడదీసి రాయండి.

ఒక్క పాట రాబడి ఇచ్చేసే పద్ధతి వేగంగా పనిచేస్తుంది. 1984 డిసెంబర్‌లో ఇథియోపియా కరవు కోసం పాప్ గాయకులు కలిసి బ్యాండ్ ఎయిడ్ పేరుతో విడుదల చేసిన రికార్డు బ్రిటన్‌లో ముప్పై లక్షలకు పైగా అమ్ముడైంది. దానిమీద 15 శాతం వ్యాట్ వదులుకోనని ప్రభుత్వం మొదట భీష్మించి, జనం గోల పెట్టాక అంత సొమ్మూ విరాళంగా తిరిగిచ్చింది.

పన్ను లెక్క చిన్న దాతలకూ ఉంది. రిజిస్టరైన ధర్మసంస్థకు బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళు పౌండు ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్ కింద ఆ సంస్థ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు రాబట్టుకోవచ్చు. కచేరీ టికెట్టు వెలకు ఇది వర్తించదు, కుర్చీకిచ్చిన వెల దానం కాదు కదా. అక్కడ త్యాగరాజ ఆరాధన జరిపే తెలుగు సంఘాలు ధర్మసంస్థగా రిజిస్టరై ఉంటే టికెట్టు తక్కువకు పెట్టి, విరాళాన్ని వేరే కాగితం మీద, దాత డిక్లరేషన్‌తో తీసుకోవాలి. అంత పన్ను కట్టనివాళ్ళు ఆ డిక్లరేషన్ ఇస్తే తేడా వాళ్ళ దగ్గరే వసూలు చేస్తారు, ఆ ముక్క ముందే చెప్పండి.