ఇంటి ఫోటోలకు డిజికామ్: వాడేముందు చూసుకోవాల్సినవి

నెల్లూరు స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్లి ఫోటోలైనా, ఒంగోలు నుంచి చుట్టాలు వాట్సాప్‌లో పంపినవైనా చివరికి చేరేది డెస్క్‌టాప్ మీది ‘న్యూ ఫోల్డర్’లోకే. రొట్టెల పండుగలో నాయనమ్మ ఉన్న ఫోటో కావాలంటే మాత్రం పూటంతా వెతుకులాటే. ఫోటోలు సర్దిపెట్టే పికాసాను గూగుల్ 2016లో ఆపేశాక, ఇంటి కంప్యూటర్‌లో ఆ పని నమ్మకంగా చేసే సాఫ్ట్‌వేర్ డిజికామ్. డబ్బు కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఫోటోలు ఇల్లు దాటవు. మెనూలు మాత్రం చిట్టడవి.

మొదటిసారి తెరవగానే వరసగా ప్రశ్నలు వేస్తుంది. రెండింటి దగ్గర తొందరపడకూడదు. ఒకటి, డేటాబేస్, అంటే ఫోటోల వివరాలు రాసిపెట్టుకునే ఫైలు, ఎక్కడ పెట్టాలన్నది. ఫోటోలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఉన్నా సరే, డేటాబేస్ కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌డి (వేగంగా పనిచేసే డిస్కు) మీదే ఉండాలి. డేటాబేస్ ఏ రకమని అడిగితే ఎస్‌క్యూలైట్ చాలు. రెండోది, మనం పెట్టే పేర్లు ఫోటో ఫైల్లో కూడా రాయాలా వద్దా అన్నది. వద్దంటే అవి డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. విండోస్ మళ్లీ వేయించిన రోజు ఫోటోలు మిగులుతాయి, ఏడాదిపాటు కూర్చుని పెట్టిన పేర్లు పోతాయి. రాయమనే చెప్పాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫోటో ఫైల్లో దాగే వివరాలు) పేజీ తెరిచి ట్యాగులకు, అంటే వెతకడానికి ఫోటోకు తగిలించే పేర్లకు, శీర్షికలకు టిక్ పడిందో లేదో చూసుకోవాలి. ముఖాల పేర్లకు టిక్ విడిగా ఉంటుంది, కళ్లు తప్పిపోయేది అదే.

దీన్ని కొనియాడాల్సింది తేదీలు సరిదిద్దే పరికరం గురించి. పెళ్లికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వస్తే రెండు కెమెరాల గడియారాలు కలవడం అరుదు. ఫోటోలు కలిపేస్తే జీలకర్ర బెల్లం కంటే ముందే తలంబ్రాలు వచ్చేస్తాయి. రెండు కెమెరాల్లోనూ పడిన ఒకే క్షణం, తాళి కట్టేటప్పటిదో మరొకటో, పక్కపక్కన పెట్టి తేడా లెక్కగట్టాలి. ఒక కెమెరా 47 నిమిషాలు వెనకబడిందనుకుంటే, ఆ కెమెరా ఫోటోలన్నీ ఎంచుకుని 47 నిమిషాలు కలపమంటే ఒక్క దెబ్బతో వరస కుదురుతుంది. కలిపేసిన తర్వాత ఏది ఏ కెమెరాదో తెలియకపోతే, కెమెరా మోడల్ పేరుతో వడకట్టొచ్చు. రెండూ ఒకే మోడల్ అయితే చిక్కే, అందుకే మొదటే వేరు ఫోల్డర్లలో దించుకోవాలి.

వాట్సాప్ ఫోటోల సంగతి వేరు. పంపేటప్పుడే తీసిన తేదీ, చోటు ఊడిపోతాయి. ఫైలు పేరులో తేదీ ఉంటుంది గానీ అది వాట్సాప్‌లో వచ్చిన రోజు, ఫోటో తీసిన రోజు కాదు, చాలాసార్లు గంట కూడా ఉండదు. తేదీలు సరిదిద్దే ఆ పరికరంలోనే ఫైలు పేరు నుంచి తేదీ తీసుకునే వీలుంది. ముందు నాలుగైదు ఫోటోల మీద చూసుకుని ఆ తర్వాతే మిగతావాటి జోలికి పోవాలి. అసలు ఫోటో డాక్యుమెంటుగా పంపించుకుంటే ఈ బాధే లేదు.

నకళ్లు ఏరే పని బాగానే చేస్తుంది. ముందు మెయింటెనెన్స్‌లో ఫోటోల వేలిముద్రలు (ఫింగర్‌ప్రింట్స్, ఒక ఫోటోను మరోదానితో పోల్చే గుర్తులు) తయారుచేయించాలి. అది చేయకుండా వెతికితే ఏమీ దొరకదు. పోలిక 90 నుంచి 100 శాతం మధ్య పెడితే వాట్సాప్ నకలు, అసలు ఫోటో జంటగా వస్తాయి. ఆ రెంటిలో కొలత పెద్దగా ఉన్న ఫోటోను ఉంచుకోవాలి. శాతం తగ్గించేకొద్దీ మైపాడు బీచ్‌లో వరసగా నొక్కిన పది ఫోటోలూ ఒకటే అంటుంది. తీసేసినవి వెంటనే పోవు, డిజికామ్ సొంత చెత్తబుట్టలో దాక్కుంటాయి. అది విండోస్ రీసైకిల్ బిన్ కాదు. డిస్కు ఖాళీ కాలేదేమని తికమకపడేది ఇక్కడే, దాన్ని విడిగా ఖాళీ చేయాలి.

ముఖాలు గుర్తించడం ఫర్వాలేదు. ఒక్కొక్కరివి పదీ పదిహేను ఫోటోలు మనం ఖాయం చేశాకే గాడిలో పడుతుంది. బాసికం కట్టిన పెళ్లికూతురు, పక్కకు తిరిగిన ముఖం, ఎదిగే పిల్లల దగ్గర తడబడుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో ఈ పని పగలు పెట్టుకోకండి. ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకోమనే టిక్ తీసేసి రాత్రికి వదిలేయండి.

ట్యాగులు కొమ్మలుగా పెట్టుకోవచ్చు: ఊళ్లు, దాని కింద నెల్లూరు, దాని కింద మైపాడు. తెలుగులోనే రాయొచ్చు. కాకపోతే ఇంట్లో ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో పెడితే ఒకే ఊరు రెండు ఊళ్లవుతుంది.

యూపీఎస్ లేని ఇంట్లో, వానలప్పుడు గాలికి కరెంటు పోయి డేటాబేస్ రాస్తుండగా కంప్యూటర్ ఆగిపోతే ఆ ఫైలు చెడిపోవచ్చు. కాబట్టి డిజికామ్ మూసేసి, ‘డిజికామ్4.డీబీ’ అనే ఫైలును నెలకోసారి వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. పక్కనే థంబ్‌నెయిల్స్ (ఫోటోల చిన్న బొమ్మలు) పేరుతో ఉండే ఫైలు పెద్దగా పెరుగుతుంది, దాన్ని దాచక్కర్లేదు, పోయినా మళ్లీ తయారవుతుంది.