పాత విమానాల మెయింటెనెన్స్ వీకెండ్ కోర్స్, క్లాస్ సూపర్ కానీ ప్రాక్టికలే తక్కువ

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక చిన్న ట్రైనింగ్ సెంటర్‌లో రెండ్రోజుల కోర్స్ చేశానండి, పాతబడ్డ విమానాలని ఇంకొన్నేళ్ళు ఎలా నడిపిస్తారు అనేది టాపిక్. నేను ఐటీ వాణ్ని, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ వాళ్ళ మ్యూజియం చూసొచ్చాక పట్టిన పిచ్చి ఇది.

చెప్పినాయన రిటైర్డ్ ఇంజినీర్, మన గుంటూరాయనే. విమానం వయసు ఏళ్ళలో కాదు బాబూ, ఎన్నిసార్లు ఎగిరి దిగిందో లెక్క చూడాలి అన్నారు. ఎగిరిన ప్రతిసారీ లోపల ప్రెషర్‌కి బాడీ కాస్త ఉబ్బి మళ్ళీ తగ్గుద్దంట, అలా వేలసార్లు అయ్యాక రివెట్ల చిల్లుల దగ్గర సన్నటి పగుళ్ళు మొదలు. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737కి పైకప్పు ముక్క గాల్లోనే లేచిపోయింది కదా, అప్పటికది 89,680 ట్రిప్పులు వేసింది, అన్నీ దీవుల మధ్య చిన్న చిన్నవే, పైగా సముద్రపు గాలి, షీట్ల అతుకుల్లో జిగురు వదిలేసి తుప్పు పట్టి బరువంతా రివెట్ల మీద పడింది. ఆ కథకి క్లాస్ మొత్తం సైలెంట్.

కంటికి కనపడని పగుళ్ళని కరెంట్‌తో పట్టే ఎడ్డీ కరెంట్ టెస్ట్ మాత్రం కేక. కంటికి నున్నగా ఉన్న అల్యూమినియం ముక్క మీద ప్రోబ్ జరిపితే పగులు దగ్గర స్క్రీన్ మీద గీత టక్కున ఎగురుద్ది. కానీ ఇరవై మందికి ఒకటే మెషిన్, నాకు రెండు నిమిషాలు దక్కింది!

తుప్పు చాప్టర్ స్లైడ్లు తిప్పేసి వదిలేశారు. సాంబార్‌లో బెల్లం సంగతి సరే, బెంగళూరు కదా. 4/5.